వేడికి బదులు వెలుగు: తేమ గాలిలో ఒక వాయు సెన్సర్ పనితీరు

లోహ ఆక్సైడ్ సెన్సర్లు సాధారణంగా 200 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ వేడిలోనే సరిగా పనిచేస్తాయి కాబట్టి, గది ఉష్ణోగ్రతలోనే నైట్రోజన్ డయాక్సైడ్‌ను పసిగడుతుందన్న ఈ సెన్సర్‌ను మొదట అనుమానంగానే చూశాను. జింక్ ఆక్సైడ్ నానో రేణువులను గ్రాఫీన్‌తో (ఒకే అణువు మందం ఉండే కార్బన్ పొరతో) కలిపి పరచిన పలుచని పొర, దాని ఎదురుగా 365 నానోమీటర్ల అతినీలలోహిత ఎల్‌ఈడీ, నిర్మాణమంతా ఇంతే. జింక్ ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను విడిపించి కదిలించడానికి కావలసిన కనీస శక్తి) సుమారు 3.3 ఎలక్ట్రాన్ వోల్టులు గనుక, దాదాపు 375 నానోమీటర్లకు మించిన తరంగదైర్ఘ్యంతో అందులో ఎలక్ట్రాన్లు పెద్దగా కదలవు.

నన్ను మెప్పించింది స్పందన కాదు, కోలుకునే తీరు. పొర మీద చేరిన నైట్రోజన్ డయాక్సైడ్ ఎలక్ట్రాన్లను లాక్కుని పొర విద్యుత్ నిరోధాన్ని పెంచుతుంది. చల్లని పొరను అది ఒక పట్టాన వదలదు. ఎల్‌ఈడీ ఆర్పి చూసినప్పుడు, వాయువు ఆపిన గంట తర్వాత కూడా నిరోధం మొదటి స్థాయికి రాలేదు. వెలిగించాక కొద్ది నిమిషాల్లోనే చాలావరకు దిగివచ్చింది.

తేమ దగ్గరే చిక్కు వచ్చింది. కరపత్రంలో "తేమ ప్రభావం ఉండదు" అని రాసి ఉన్నా, అందులోని గ్రాఫులన్నీ పొడి గాలిలో గీసినవే. సాపేక్ష ఆర్ద్రతను 30 శాతం నుంచి 80 శాతానికి పెంచేసరికి మూల నిరోధం (వాయువు లేనప్పటి నిరోధం) పడిపోయింది, స్పందన కూడా స్పష్టంగా తగ్గింది. నీటి అణువులు హైడ్రాక్సిల్ సమూహాలుగా (ఆక్సిజన్-హైడ్రోజన్ జతలుగా) పొరకు అంటుకుని, వాయువు చేరవలసిన చోట్లను ముందే ఆక్రమించడం దీనికి కారణం. వేడి వాటిని తరిమినంతగా ఈ కాంతి తరమలేదు. పక్కన విడిగా తేమ సెన్సర్ పెట్టి రీడింగ్‌ను సవరించుకుంటేనే లెక్క కుదురుతుంది. ఓజోన్ కూడా నిరోధాన్ని పెంచే వాయువే కనుక, దాన్నీ నైట్రోజన్ డయాక్సైడ్‌నూ ఇది వేరుచేసి చెప్పలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో నైట్రోజన్ డయాక్సైడ్‌కు సూచించిన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే దాదాపు 5 పీపీబీ (వంద కోట్ల భాగాల గాలిలో 5 భాగాలు). తేమ గాలిలో అంత స్వల్ప మోతాదుకు దీన్ని నమ్మలేను. రద్దీ రోడ్డు పక్కన హెచ్చుతగ్గులు గమనించడానికైతే నిస్సంకోచంగా వాడతాను. పాత తరహా హీటర్ సెన్సర్లు వందల మిల్లీవాట్లు తాగుతాయి, ఇది బ్యాటరీ మీద తేలిగ్గా నడుస్తుంది. అయితే వాడేకొద్దీ ఎల్‌ఈడీ మసకబారితే మూల నిరోధమూ మారిపోతుంది. ఆ ఎల్‌ఈడీని మార్చుకునే వీలు లేకుండా బోర్డుకు అతికించేశారు.