నాలుగేళ్లుగా నా లారీలో బూస్ట్ మీటరు

సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కేటప్పుడు లోడు బండి, మూడో గేరు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంటే నా బూస్ట్ మీటరు ముల్లు 17 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర నిలబడాలి. ఈ ఒక్క అంకె తెలిసినందుకే పెట్టిన డబ్బు నాకు గిట్టింది.

బండి 2011 మోడల్ పది టైర్లది. ఆరు సిలిండర్ల టర్బో ఇంజను, పాత మెకానికల్ డీజిల్ పంపు. డాష్‌బోర్డులో ఆయిల్ ప్రెషర్, ఇంజను వేడి, బ్రేకు గాలి, అన్నీ కనిపిస్తాయి. టర్బో ఇంజనులోకి ఎంత గాలి తోస్తోందో మాత్రం కనిపించదు. బయటి గాలి కన్నా మానిఫోల్డులో, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టంలో, ఒత్తిడి ఎంత ఎక్కువుందో బూస్ట్ మీటరు చూపిస్తుంది. 14.5 పీఎస్ఐ అంటే ఒక బార్. సెన్సారు లేకుండా సన్నటి ట్యూబుతో పనిచేసే 52 మిల్లీమీటర్ల మీటరు తీసుకున్నాను.

బిగించేటప్పుడు తొందరపడ్డాం. మానిఫోల్డు నుంచి పంపు డయాఫ్రమ్‌కి (గాలి ఒత్తిడిని బట్టి డీజిల్ పెంచే పలచటి పొర) వెళ్లే చిన్న పైపు మధ్యలో టీ ఆకారం జాయింటు వేసి, అక్కడి నుంచి నైలాన్ ట్యూబు క్యాబిన్‌లోకి లాగాం. రెండో నెలలో ఎగ్జాస్ట్ వేడికి ట్యూబు కరిగిపోయింది. ముల్లు సున్నాకి పడింది, దాంతోపాటే బండి లాగుడూ పోయింది. డయాఫ్రమ్‌కి గాలి అందకపోతే పంపు డీజిల్ పెంచదు మరి. అప్పుడు మానిఫోల్డు మీదున్న ఖాళీ ప్లగ్గు తీసి విడిగా కనెక్షన్ ఇప్పించాను. ఇంజను దగ్గర రాగి ట్యూబు, క్యాబిన్ రేకు దాటేచోట ట్యూబు కోసుకుపోకుండా రబ్బరు గ్రోమెట్ (రింగు) వేయించాను. మళ్లీ దాని జోలికి వెళ్లలేదు.

మీటరు లైటు 12 వోల్టులది, లారీ 24. రెండు బ్యాటరీల మధ్య నుంచి వైరు లాగేద్దామన్నారు. అలా చేస్తే ఒక బ్యాటరీయే ఎక్కువ అరిగి ముందు పోతుంది. చిన్న కన్వర్టర్ పెట్టించాను.

దీని విలువ నాకు పోయిన వానాకాలం తెలిసొచ్చింది. అదే ఘాటు, దాదాపు అంతే లోడు, ముల్లు 11 దాటలేదు. వెనక నల్లటి పొగ. అందరూ పంపు విప్పాలి, నాజిల్స్ మార్చాలి అన్నారు. డీజిల్ సరిగ్గా వస్తూ గాలి తగ్గినా నల్లపొగే వస్తుందని నేను ముందు పైపులు చూడమన్నాను. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ రబ్బరు హోస్ అడుగున చీలి ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు చీలిక మూసుకుపోతుంది, ఒత్తిడి పెరిగితేనే విచ్చుకుంటుంది. చుట్టూ నూనె జిడ్డు పట్టి ఉండడం వల్లే దొరికింది. హోస్ మార్చగానే ముల్లు మళ్లీ 17కి వచ్చింది. పంపు విప్పే ఖర్చు తప్పింది.

ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే మాత్రం ఇంత ఒక్కసారిగా పడదు, వారాల తరబడి ఒకటీ రెండూ తగ్గుతూ వస్తుంది. అందుకే ఏ ఎత్తులో ఏ గేరులో ఎంత చూపిస్తోందో డ్రైవరు చేత పుస్తకంలో రాయిస్తున్నాను. ఎగ్జాస్ట్ వేడి ఈ మీటరు చెప్పదు, దానికి వేరే మీటరు కావాలి.

మా బావమరిది తన బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండికీ ఇలాంటిదే పెట్టిద్దామంటున్నాడు. వద్దన్నాను. దానికి కంపెనీ ఇచ్చిన బూస్ట్ సెన్సారే ఉంది, స్కానర్ పెడితే అంకె కనిపిస్తుంది. మంచి పైపుకి బెజ్జం ఎందుకు?