280 యువాన్ల డబ్బా, 6 యువాన్ల పెరుగు

బీజింగ్ వెళ్లేవారికి ముందే చెబుతున్నాను, సంతలో పాతకాలపు సిగరెట్ డబ్బా కనిపిస్తే జేబులోంచి చెయ్యి తీయకండి.

నాకు పాత రేకు డబ్బాల పిచ్చి. ఒక సంతలో వ్యాపారి గుడ్డ మడతల్లోంచి ఒకటి బయటికి తీశాడు. మూత మీద చీపావ్ (ఒంటికి అతికినట్టుండే చైనా గౌను) తొడుక్కున్న షాంఘై సుందరి, అంచుల్లో తుప్పు. 1930ల నాటిదని ఫోనులో అనువదించి చూపించాడు. 500 అడిగాడు, 280 యువాన్లకు దిగాడు. మన లెక్కలో దాదాపు 3,300 రూపాయలు. నేను సంబరపడుతుంటే మా ఆవిడ, "ఆ డబ్బుతో ఇద్దరం రెండు రోజులు తినేవాళ్లం" అని ముఖం తిప్పుకుంది. అసలే మొదటి హోటల్లో విదేశీయులకు గది ఇవ్వబోమని చెబితే 420 యువాన్లు పోసి ఇంకో చోట దిగాం.

సాయంత్రం భోజనానికి వచ్చిన మా మేనల్లుడు (అక్కడే వైద్యం చదువుతున్నాడు) డబ్బా తిప్పి చూసి నవ్వాపుకోలేకపోయాడు. "మామయ్యా, కర్మాగారం అనే ఈ అక్షరానికి పాత లిపిలో 15 గీతలు. దీని మీద రెండే ఉన్నాయి." ఆ సరళ రూపాన్ని ప్రభుత్వం అమల్లోకి తెచ్చింది 1956లో. ఆ డబ్బాలో నిఖార్సయినది తుప్పు ఒక్కటే!

మోసగాళ్లు ఆ దశాబ్దాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1902లో ఏర్పడిన బ్రిటిష్ అమెరికన్ టొబాకో కంపెనీ సుందరీమణుల క్యాలెండర్లు పంచి చైనాలో సిగరెట్లు అమ్మింది. చైనీయులు చైనా సిగరెట్లే కాల్చాలంటూ నాన్‌యాంగ్ బ్రదర్స్ అనే చైనా కంపెనీ పోటీకి దిగింది. ఆ పోటీలో పుట్టిన బొమ్మల మీద మోజు నేటికీ తగ్గలేదు, నకిలీలూ తగ్గలేదు.

మహాకుడ్యం, రాజప్రాసాదం ఫోటోల్లో ఉన్నట్టే ఉన్నాయి.

జాతీయ మ్యూజియం మాత్రం వదలకండి. ప్రవేశం ఉచితం, కానీ పాస్‌పోర్టు నంబరుతో ముందే నమోదు చేసుకోవాలి. సోమవారం సెలవు. అక్కడ అరచేతి వెడల్పున్న ఒక కంచు పలక కోసం నేను గంటసేపు వెతికాను, మా ఆవిడ బల్ల మీద కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంది. సోంగ్ వంశకాలంలో (960–1279) జినాన్ పట్టణపు లియూ వారి సూదుల దుకాణం తన ప్రకటన కాగితాల మీద అచ్చు వేసుకున్న పలక అది. మధ్యలో రోకలి పట్టిన కుందేలు, పక్కన "గుమ్మం ముందున్న తెల్ల కుందేలే గుర్తు" అన్న మాట. చంద్రుడిలో మందు దంచే కుందేలట. శశాంకుడంటూ మనమూ చూసే కుందేలే కదా! సూది కొనడానికి వచ్చినవాడికి చదువు రాకపోయినా కుందేలు తెలుస్తుంది.

బయటికి వచ్చాక ఒక సందులో పెరుగు దొరికింది. చిన్న పింగాణీ కుండ, మూతికి నీలం తెలుపు కాగితం, దానికి రబ్బరు బ్యాండు. కాగితంలోకి గొట్టం గుచ్చి అక్కడే తాగి, ఖాళీ కుండ తిరిగి ఇచ్చేయాలి. 6 యువాన్లు. తియ్యటి పెరుగేమిటని సణుగుతూనే మా ఆవిడ రెండోది కూడా తాగింది. నాలుగు రోజులుగా పెరుగన్నం లేక బెంగపడుతున్న మనిషి ఆ రోజే నవ్వింది.

ఆ కాగితాన్ని తుడిచి ఇంటికి తెచ్చుకుంది. నా సుందరి డబ్బాలో ఇప్పుడు సూదులు, దారపు ఉండలు పెట్టుకుంటోంది.