శక్తిమాన్ వెనక ఫిరంగి: మా షెడ్డు మేస్త్రి పని ఎలా ఉందంటే

షెడ్డు పేరు మాత్రం అడగొద్దు, రాయను. తిట్టాల్సినవి నాలుగైదు ఉన్నాయి, మెచ్చుకోవాల్సినవి అంతకంటే ఎక్కువే ఉన్నాయి, కానీ పేరు పెట్టి రాస్తే జనానికి తిట్లే గుర్తుంటాయి. విజయనగరంలో ట్రాక్టరు ట్రాలీలు, గేట్లు, రోలింగ్ షట్టర్లు చేసే మామూలు వెల్డింగు షెడ్డు. మేస్త్రి, ముగ్గురు కుర్రాళ్ళు, ఒక పాత లేతు. మేము వాళ్ళ చేత చేయించింది ఫిరంగి. పేలదు లెండి, చూడ్డానికే.

మా మావయ్యగారిది శ్రీకాకుళం దగ్గర పల్లె. 1969లో ఆర్టిలరీలో, అంటే సైన్యం ఫిరంగి దళంలో చేరారు, ట్రైనింగు హైదరాబాదు గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో, 1971 యుద్ధం నాటికి 25 పౌండర్ గన్ మీద ఉన్నారు. నేనూ మా బావమరిదీ కలిసి, ఆర్మీ వేలంలో పోయి చేతులు మారుతూ వచ్చిన శక్తిమాన్ లారీ ఒకటి కొని, రెండేళ్ళు కిందామీదా పడి బాగుచేశాం. జబల్‌పూర్‌లో 1959 నుంచి జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సు మీద తయారైన బండి అది, మిలిటరీలో పనిచేసిన వాళ్ళెవరికైనా దాని మూతి చూస్తే చాలు. లారీ తెచ్చి ఇంటి ముందు పెడితే మావయ్యగారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "బాగుంది బాబూ, కానీ వెనక గన్ను లేకపోతే ఇది కూరగాయల లారీయే" అన్నారు. అదీ సంగతి.

ఏ గన్ను అన్నదాంట్లో ఇక చర్చే లేదు, ఆయన చేయి పడిన 25 పౌండరే. గుండు బరువు 25 పౌన్లు, అంటే పదకొండు కిలోల పైన, గొట్టం లోపలి వ్యాసం 87.6 మిల్లీమీటర్లు, పన్నెండు కిలోమీటర్ల దాకా కొట్టేది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ ప్రధానమైన ఫీల్డ్ గన్ను, మన సైన్యం 1965లోనూ 1971లోనూ వాడింది, ఆ తర్వాత దాని చోటులోకి 105 ఎం.ఎం. ఇండియన్ ఫీల్డ్ గన్ వచ్చింది. షెడ్డులో ఒక కుర్రాడు ఫోటో చూసి "బొబ్బిలి కోట మీద పేల్చినవి ఇవేనా అన్నా" అని అడిగాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలిని కూల్చింది 1757లో, దీనికీ వాటికీ నూట ఎనభై ఏళ్ళ తేడా ఉందిరా అంటే, "మరి చక్రాలు అలాగే ఉన్నాయి గదా" అన్నాడు. ఆ చక్రాల గొడవ కిందికొస్తుంది.

పని మొదలుపెట్టక ముందే పోలీస్ స్టేషన్లో కాగితం ఇచ్చాం, ఎవరైనా ఇలాంటిది చేయిస్తే దయచేసి ఇది మర్చిపోవద్దు. గొట్టం లోపల రెండు చోట్ల అడ్డంగా మందపాటి ప్లేటు పెట్టి వెల్డింగు చేస్తామనీ, గొట్టం వెనక వైపు మూసే బ్రీచ్ దిమ్మ కదలకుండా అతికించేస్తామనీ రాసి, డ్రాయింగు కూడా జతచేశాం. ఎస్సైగారు అంతా చదివి, "సరే గానీ, ఇదంతా ఎందుకండీ" అన్నారు. మా ఆవిడ అడిగిన ప్రశ్నే.

కొలతల కోసం ఒక కంటోన్మెంటులో అలంకారానికి నిలబెట్టిన అసలు గన్ను దగ్గరికి మావయ్యగారి పాత పరిచయంతో వెళ్ళి, టేపు పట్టుకుని ఒక పూటంతా కూర్చున్నాం. నలభై రెండు కొలతలు రాసుకొచ్చి కాగితాలు షెడ్డులో ఇస్తే, మేస్త్రి వాటిని మడిచి జేబులో పెట్టుకుని, "ఏటి బాబూ, మాకు తెల్దేటి, నలభై అయిదు రోజుల్లో బండి ఎనకాల కట్టీసుకుని ఎల్లిపోదురు గాని" అన్నాడు. నేను నమ్మాను. లక్షా ఎనభై వేలకి మాట అయింది. చివరికి రెండు లక్షల అరవై, అయిదు నెలలు.

ముందు బాగున్నవి చెప్తాను. ఈ గన్నుకి వెనక తోక రెండుగా విడిపోదు, ఒకటే పెట్టె లాంటి తోక, మధ్యలో గూని ఎత్తినట్టు ఒంపు తిరిగి ఉంటుంది. ఆ ఒంపు తేవడం ఎంత కష్టమో నేను చెప్పలేను. ప్లేటుని ఒక్కసారిగా వంచే మిషను వాళ్ళ దగ్గర లేదు, గ్యాసు మంటతో కాస్త కాస్త వేడి చేస్తూ, కింద పాత రైలు పట్టా ముక్క పెట్టి, సమ్మెటతో కొట్టుకుంటూ మూడు రోజుల్లో దించేశారు. అసలు ఫోటో పక్కన పెడితే తేడా కనిపించదు. గొట్టం కూడా అంతే. బయటి వైపు క్రమంగా సన్నబడుతూ పోవాలి, ఒకే పైపుతో అవదు, మూడు సైజుల పైపులు ఒకదాంట్లో ఒకటి దూర్చి, అతుకుల మీద లేతులో తిప్పిన రింగులు వేసి, ఆపైన గ్రైండింగ్ చేసి నున్నగా తెచ్చారు. మూతి దగ్గర, పేల్చినప్పుడు గన్ను వెనక్కి తన్నకుండా తగ్గించే మజిల్ బ్రేకు మేస్త్రి స్వయంగా చేశాడు. అది చూసి మావయ్యగారు ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం అంటే నూటికి తొంభై మార్కులని మాకు అర్థం.

చక్రాల కింద పరిచే గుండ్రటి ఇనుప పీట కూడా చక్కగా కుదిరింది. దాన్ని నేల మీద పడేసి, గన్నుని లాగి పైకెక్కిస్తే ఒక్క మనిషి తోక పట్టుకుని ఏ దిక్కుకైనా తిప్పేయగలడు, ఈ గన్ను గొప్పతనమే అది. మాది అసలుదాంట్లో సగం బరువు కూడా లేదు, కాటాకి వేస్తే 640 కిలోలు, అంచేత మా ఎనిమిదో క్లాసు పిల్లాడు కూడా గిర్రున తిప్పేస్తున్నాడు, వాడిని ఆపడమే ఇప్పుడు పని.

ఇక తిట్లు.

అసలు గన్ను టైరు సైజు 9.00-16. మన ట్రాక్టరు ట్రాలీలకి వేసేదీ సరిగ్గా అదే, ఎక్కడబడితే అక్కడ దొరుకుతుంది. ఇది మా అదృష్టం అనుకున్నాను, అదే మా కొంప ముంచింది. టైర్లు కుదిరాయి కదా అని మేస్త్రి మా కాగితం తీయకుండానే ట్రాలీ ఇరుసు కూడా ఉన్నదున్నట్టు వేసేశాడు. పొట్టి ఇరుసు. చక్రాలు లోపలికి ముడుచుకుపోయి, ముందున్న రేకు డాలు రెండు వైపులా చెవుల్లా బయటికి పొడుచుకొచ్చింది. మావయ్యగారు చూసి, "ఇది గన్నా, చాట కట్టిన ఎద్దు బండా" అన్నారు. కోసి మళ్ళీ చేయించాం, ఆ పదిహేను వేలు ఎవరు పెట్టుకోవాలన్న దాని మీద నాలుగు రోజులు మాటల్లేవు. చివరికి చెరి సగం.

రెండోది, మీరు ఎవరి దగ్గర చేయించినా జాగ్రత్త పడాల్సింది. లారీ కొక్కేనికి తగిలించే కడియం ఉంటుంది కదా, దాన్ని కాంక్రీటులో వేసే రాడ్డు వంచి, గేట్లకి వాడే మామూలు వెల్డింగు రాడ్డుతోనే అతికించేశాడు. చూడ్డానికి బాగానే ఉంది. మా బావమరిది సుత్తితో రెండు దెబ్బలు వేస్తే అతుకు దగ్గర గీత పడింది. రోడ్డు మీద ఆరు వందల కిలోలు ఊడిపోతే వెనకొచ్చే మోటారు సైకిలు వాడి గతేమిటి? కమ్మరి కొలిమిలో మందపాటి ఇనుముతో కొట్టించి, గట్టి అతుకులకి వాడే 7018 వెల్డింగు రాడ్డుతో దగ్గరుండి వేయించాం. దానికి కూడా, "గేటు ఊడిపోద్దా ఏటి" అని మేస్త్రి మొహం ముడుచుకున్నాడు. ఇంత జరిగినా రోడ్డు మీద దాన్ని లాక్కెళ్ళం, దూరాలకి వేరే బండి మీదెక్కించి తీసుకెళ్తాం, మైదానంలోకి వచ్చాకే శక్తిమాన్‌కి తగిలిస్తాం.

రంగు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. ఆలివ్ గ్రీన్, మెరుపు ఉండకూడదు అని మూడుసార్లు చెప్పాం. వెళ్ళి చూస్తే పెళ్ళికి సారె పెట్టిన బీరువాలా తళతళలాడుతోంది. "మెరవకపోతే పాతదనుకుంటారు గదా బాబూ" అన్నాడు పెయింటరు. మొత్తం గీకి మళ్ళీ వేశారు, ఆ డబ్బులు మాత్రం అడగలేదు, ఆ మర్యాద ఉంది వాళ్ళకి.

గడువుల విషయం చెప్పక్కర్లేదు. డిసెంబరు 16న విజయ్ దివస్‌కి మా మావయ్యగారి ఊళ్ళో మాజీ సైనికులంతా కలుస్తారు, అప్పటికి కావాలని ఆగస్టులోనే ఇచ్చాం. దసరా అన్నారు, తర్వాత సిరిమానోత్సవం అన్నారు. పైడితల్లి అమ్మవారి పండగప్పుడు విజయనగరంలో ఎవరి చేతా పని చేయించలేమని నాకూ తెలుసు, నేనూ ఆ జనంలోనే ఉన్నాను, అది ఒప్పుకుంటాను. కార్తీక మాసం పిక్నిక్కులు కూడా ఒప్పుకుంటాను. నవంబరంతా ఫోను ఎత్తకపోవడం మాత్రం ఒప్పుకోను. డిసెంబరు పోయి జనవరి 26కి అందింది.

ఒక్క పని షెడ్డుకి ఇవ్వకుండా శ్రీకాకుళం జిల్లా బూడితిలో చేయించాను, ఇత్తడి తూటా డొక్కులు. ఈ గన్నులో గుండు వేరు, మందు వేరు. ముందు గుండు తోసి, దాని వెనక ఇత్తడి డొక్కు పెడతారు, డొక్కులో ఎరుపు, తెలుపు, నీలం సంచుల్లో మందు ఉంటుంది, కొట్టాల్సిన దూరాన్ని బట్టి సంచులు తగ్గించుకుంటారు. బూడితి ఇత్తడి గురించి మన వైపు వాళ్ళకి చెప్పేదేముంది. నాలుగు డొక్కులు చేసిచ్చారు, అచ్చు గుద్దినట్టు. "మూతి కాస్త ఎడల్పు చేస్తే పూలు పెట్టుకోడానికి బాగుంటాది కదా" అని పెద్దాయన ఒకరు తెగ బాధపడ్డారు. సంచులు మా అత్తగారు కుట్టారు, లోపల ఊక.

తెచ్చిన రోజు మావయ్యగారు ఎవరి సాయం లేకుండా వెళ్ళి, ఎడమ వైపు చిన్న సీటు మీద కూర్చున్నారు. గురి చూసేవాడి చోటు అదే, గొట్టాన్ని పైకీ కిందికీ, పక్కలకీ తిప్పే చక్రాలు రెండూ ఆ ఒక్కడి చేతికే అందాలి. ఆయన చూపు ముందుకే ఉంది, చేయి మాత్రం పక్కకి వెళ్ళింది, అక్కడ ఏమీ లేదు. పాత గేట్ వాల్వు చక్రం తెచ్చి షెడ్డు వాళ్ళు కుడి వైపు బిగించేశారు, అటు అందంగా ఉంటుందని. యాభై ఏళ్ళు దాటినా ఆయన చేతికి చోటు గుర్తుంది, మేము రాసిచ్చిన కాగితంలోనూ ఉంది. ఆయన చేయి అలా గాల్లోనే రెండు క్షణాలు ఉంచి, "గలత్ హై", తప్పు అని హిందీలో అన్నారు, అంతే. మేస్త్రి మర్నాడు పొద్దున్నే డ్రిల్లు మిషను పట్టుకుని బస్సులో శ్రీకాకుళం వచ్చి, చక్రాన్ని ఎడమ వైపుకి మార్చి, చార్జీలకి కూడా ఒక్క రూపాయి తీసుకోకుండా వెళ్ళాడు. మావయ్యగారు అతన్ని పక్కన నిలబెట్టుకుని అరంగుళం పైకి, అరంగుళం కిందికి అని నాలుగుసార్లు మార్పించారు, మేస్త్రి కిక్కురుమనలేదు.

అయిదుకి ఎన్ని ఇస్తావంటే, చేతి పనికి అయిదు, కొలతలకి రెండు, మాటకి ఒకటి. గన్నుకీ లారీకీ మధ్య తగిలించే లింబరు, అంటే 32 గుళ్ళు పట్టే చిన్న పెట్టె బండి, ఇంకా మిగిలింది. అది కూడా ఈ షెడ్డుకే ఇచ్చాను. ఈసారి కొలతలు కాగితం మీద కాకుండా సుద్దముక్కతో షెడ్డు గోడ మీద అసలు సైజులో గీసి వచ్చాను, ఇరుసు నేనే కొనిచ్చాను, రంగు మా ఇంటి దగ్గర వేయిస్తాను. మేస్త్రి నెల రోజులు అన్నాడు. ఉగాదికి అనుకుంటున్నాం, ఏ ఉగాదో ఇంకా తేలలేదు.