పగడాల తొట్టికి ఏది మేలు: నీటి మార్పిడా, సున్నపు తేటా, రెండు ద్రావణాలా?

ఒకే పగడపు తునకను రెండుగా విరిచి అమలాపురంలో ఒక ఇంట, భీమవరంలో మరో ఇంట ఉప్పునీటి తొట్టిలో పెంచినా, ఏడాది తిరిగేసరికి ఒకటి గుబురుగా కొమ్మలు వేయవచ్చు, రెండోది పెట్టినది పెట్టినట్టే ఉండిపోవచ్చు. వెలుగు, నీటి ఒరవడి, ఫాస్ఫేటు కూడా ఇందుకు కారణాలే గాని, నా మటుకు మొదట చూడవలసినది క్షారత, అంటే ముఖ్యంగా నీటిలోని బైకార్బనేటుల మోతాదు. రాతి పగడం నీటిలోని కాల్షియం, బైకార్బనేటులతోనే తన గూడు కట్టుకుంటుంది. క్షారత 1 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం) తగ్గినప్పుడు కాల్షియం 7 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 7 పాళ్ళు) తగ్గుతుంది. తొట్టిలో కాల్షియం 420 ఉంటే అందులో 7 పోవడం లెక్కలోకి రాదు. క్షారత 8లో 1 పోతే మాత్రం పగడానికి వెంటనే తెలుస్తుంది. రొయ్యల చెరువుల వారికి ఈ పరీక్ష కొత్తది కాదు. వారి లెక్కలో 8 డీకేహెచ్ అంటే సుమారు 143 పీపీఎం.

వారం వారం నీరు మార్చడం సులువైన పద్ధతే అయినా, పగడాలు ఎదిగే కొద్దీ అది చాలదు. 200 లీటర్ల తొట్టిలో క్షారత 6కు పడిపోయినప్పుడు, 8 ఉన్న కొత్త ఉప్పునీటిని 20 లీటర్లు మార్చినా పెరిగేది 0.2 మాత్రమే. పగడాలు రోజుకు అర డీకేహెచ్ చొప్పున వాడుకుంటూ ఉంటే వారానికి 3.5 కావాలి.

సున్నపు తేట, అంటే సున్నం కలిపిన నీటిపై తేరిన నీరు, దీని సంగతి వేరు. ఆవిరైన నీటికి బదులుగా దీనిని చుక్కలు చుక్కలుగా, సెలైన్ గొట్టంతో రాత్రిపూట వదిలితే, కాల్షియం, క్షారత రెండూ పగడానికి కావలసిన పాళ్ళలోనే అందుతాయి. ఏసీ గదిలో తలుపులు మూసి ఉంచినప్పుడు మన ఊపిరి వల్ల పెరిగే బొగ్గుపులుసు వాయువు నీటి పీహెచ్‌ను దించుతుంది, పగడం ఎదుగుదల మందగిస్తుంది. తేట ఆ లోటును కూడా సరిదిద్దుతుంది. అయితే ఆహారానికి పనికివచ్చే శుద్ధమైన సున్నమే వాడాలి. చెరువుల్లో చల్లే వ్యవసాయ సున్నం నీటిలో కరగదు, కిళ్ళీ సున్నంలో ఏమేమి కలిశాయో చెప్పలేము. తేట పీహెచ్ 12 దాటుతుంది కనుక ఒక్కసారిగా పోస్తే తొట్టిలోని జీవులకు ప్రాణాంతకం.

కోనసీమలో దీనికి వచ్చే చిక్కు వానాకాలం. వేసవిలో రోజుకు 2 లీటర్లు ఆవిరైతే, సంతృప్త తేట అదే తొట్టికి సుమారు 1.1 డీకేహెచ్ ఇవ్వగలదు. ముసురు పట్టి గాలి తేమతో నిండినప్పుడు అర లీటరే ఆవిరైతే 0.3కు మించి ఇవ్వలేదు. అదే తొట్టిలో వేసవిలో బాగా ఎదిగిన పగడం శ్రావణ మాసంలో ఎందుకు నిలిచిపోయిందో అని వెలుగును మార్చేవారున్నారు. లోటు తేటలో ఉండి ఉండవచ్చు.

రెండు ద్రావణాలకు, అంటే ఒక సీసాలో కాల్షియం క్లోరైడు, మరో సీసాలో వంటసోడా, ఆవిరితో పని లేదు. కావలసినంతే కొలిచి పోయవచ్చు. రెంటినీ ఒకేసారి ఒకేచోట పోస్తే తెల్లని అవక్షేపంగా విరిగిపోతాయి, మధ్యలో వ్యవధి ఇవ్వాలి. మిగిలిపోయే సోడియం, క్లోరైడుల వల్ల లవణీయత మెల్లగా పెరుగుతుంది, కాబట్టి నీటి మార్పిడిని మానరాదు.

(రాతి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. మన సముద్రాల నుంచి ఒక్క తునకైనా తేకూడదు.)

మన డెల్టాలో నేను మొగ్గేది సున్నపు తేట వైపే, అయితే వానలు మొదలైనప్పటి నుంచి తగ్గిన మేర రెండు ద్రావణాలతో పూరించాలి. ఆ మార్పు జరిగే వారాల్లో క్షారతను రోజూ ఒకే వేళకు కొలిచి, తగ్గిన దానిని ఒక్కరోజులో కాక, రోజుకు 1 డీకేహెచ్‌కు మించకుండా పెంచుకుంటూ రావాలి.