.32 లాంగ్ రివాల్వరా, .32 ఏసీపీ పిస్టలా: ఏది మేలు?

లైసెన్స్ చేతికి రాగానే అందరూ అడిగేది ఒకటే ప్రశ్న. "అన్నా, రివాల్వర్ తీసుకోనా, పిస్టల్ తీసుకోనా?" (రివాల్వర్‌లో తూటాలు తిరిగే సిలిండర్‌లో ఉంటాయి, పిస్టల్‌లో మ్యాగజైన్ అనే పెట్టెలో. .32 అంటే సుమారుగా గుండు వెడల్పు, అంగుళాల్లో. .32 లాంగ్ రివాల్వర్ తూటా, .32 ఏసీపీ పిస్టల్ తూటా.) దాని వెనకే ఇంకోటి: "ఆ .32 లాంగ్ తూటా నూట పాతికేళ్ళ నాటిదంట కదా, ఇంకా దాన్నే పట్టుకుని వేలాడటం ఏంటి?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసేస్తున్నా. లైసెన్స్ ఎలా వస్తుంది, ఎన్నికలప్పుడు స్టేషన్లో డిపాజిట్ చేయాలా (చేయమంటే చేయాలి, రసీదు మాత్రం మర్చిపోవద్దు) లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

మన దేశంలో ఎక్కడ చూసినా .32 కనిపించడానికి మొదటి కారణం దాని గొప్పతనం కాదు, చట్టం. సైన్యం, పోలీసులు వాడే తూటాలు పట్టే తుపాకులను మామూలు మనిషికి ఇవ్వరు. .380, .455, సర్వీస్ 9 ఎంఎం, ఇవన్నీ ప్రొహిబిటెడ్ బోర్ (మామూలు లైసెన్స్ మీద ఇవ్వని తుపాకులు) కిందికి వస్తాయి. పైగా 1980ల నుంచి విదేశీ తుపాకుల దిగుమతికి తలుపులు దాదాపు మూసేశారు. ఇవన్నీ పోగా చేతి తుపాకుల్లో మనకు మిగిలింది ముఖ్యంగా .32, .22. అందుకే చాలామంది "వేరే గతి లేక .32 కొంటున్నాం" అంటారు. సగం నిజమే. కానీ ఇలాంటి అడ్డు లేని అమెరికాలో, బోలెడు డబ్బు పోసి ఏ తూటా కావాలంటే అది కొనుక్కోగల పోటీ షూటర్ల దగ్గర కూడా .32 లాంగ్ ఇంకా బతికే ఉందంటే, దానికి చట్టం కాక ఇంకేదో కారణం ఉండాలి కదా.

పుట్టుక సంగతి రెండు ముక్కల్లో. పొట్టి .32 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెస్సన్) తూటా 1878లో, తూటాల్లో ఇంకా పాతకాలపు నల్ల తుపాకీ మందు (బ్లాక్ పౌడర్) నడుస్తున్న రోజుల్లో వచ్చింది. 1896లో స్మిత్ అండ్ వెస్సన్ వాళ్ళు సిలిండర్ పక్కకు తెరుచుకునే తమ మొదటి హ్యాండ్ ఎజెక్టర్ రివాల్వర్ తెచ్చినప్పుడు అదే తూటా కేసును (మందు నింపే లోహపు గొట్టాన్ని) కాస్త పొడుగు చేసి .32 లాంగ్ అన్నారు. పోటీ కంపెనీ పేరు తన తుపాకీ మీద వేసుకోవడం ఇష్టంలేని కోల్ట్, గుండు ముక్కు కొంచెం చదును చేసి, దాన్నే .32 కోల్ట్ న్యూ పోలీస్ అని అమ్ముకుంది. థియోడర్ రూజ్‌వెల్ట్ న్యూయార్క్ పోలీసు బోర్డు పెద్దగా ఉన్న రోజుల్లో అక్కడి పోలీసులకు ఇప్పించింది కోల్ట్ వారి .32 రివాల్వరే. .32 ఏసీపీ వయసు కూడా పెద్ద తేడా ఏం లేదు, తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ దాన్ని తయారు చేసింది 1899లో. కాబట్టి "పాత తూటా, కొత్త తూటా" అనే వాదన ఇక్కడ చెల్లదు. ఇద్దరూ ఒకే కాలం ముసలాళ్ళు.

ఇక బలం. .32 లాంగ్‌లో 98 గ్రెయిన్ల (ఆరు గ్రాముల పైచిలుకు) సీసం గుండు సెకనుకు 215 మీటర్ల చుట్టుపక్కల వెళ్తుంది. ఏసీపీలో 71 గ్రెయిన్ల గుండు, కానీ వేగం 275 దాకా. శక్తి లెక్క వేస్తే ఏసీపీకి సుమారు 175 జూళ్ళు, లాంగ్‌కు 150కి కాస్త అటూ ఇటూ. గుండు వెడల్పు రెండిటిదీ ఒకటే, దగ్గర దగ్గర 7.9 మిల్లీమీటర్లు. ఈ పాతిక జూళ్ళ కోసం గంటలు గంటలు కొట్లాడుకునేవాళ్ళను చూశాను. బాగా బలమైన .357 మ్యాగ్నమ్ రివాల్వర్ తూటా పక్కన నిలబెడితే రెండూ ఒక తాను ముక్కలే, దేన్నీ బలం కోసం కొనరు.

నా మటుకు నాకు తేల్చే విషయం ఒకటే: మామూలు మనిషి చేతిలో అది ఎక్కడ తగులుతుంది?

ఇక్కడ .32 లాంగ్‌కు ఉన్న చరిత్ర ఏసీపీకి లేదు. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ అని ఒక పోటీ ఉంది (సెంటర్ ఫైర్ అంటే తూటా అడుగున మధ్యలో కొడితే పేలేది). ఒలింపిక్స్‌లో ఉండదు గానీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆడతారు. 2006 దోహా ఏషియాడ్‌లో జస్పాల్ రాణా 590 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేసింది ఈ పోటీలోనే. 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో హర్‌ప్రీత్ సింగ్‌కు స్వర్ణం, విజయ్ కుమార్‌కు రజతం వచ్చింది కూడా ఇందులోనే. రూల్ ప్రకారం బోరు 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల మధ్య ఏదైనా పర్వాలేదు. అంటే .38 తెచ్చుకున్నా ఆపేవాళ్ళు లేరు. అయినా ఏళ్ళ తరబడి ఎక్కువమంది ఎంచుకుంటున్నది .32 లాంగ్ వాడ్‌కటర్. తమాషా ఏంటంటే వాళ్ళు వాడేవి రివాల్వర్లు కాదు. పార్దీని, వాల్తర్ లాంటి సెమీ ఆటోమేటిక్ పిస్టళ్ళు. వెనక అంచు ఉన్న రివాల్వర్ తూటా మ్యాగజైన్‌లో సరిగ్గా కూర్చోదు, అక్కడ అంచు పెద్ద తలనొప్పి. ఆ తలనొప్పినంతా భరించి, దానికి తగ్గట్టు పిస్టల్నే కట్టుకున్నారంటే ఆ తూటా గురిలో ఎంత నిలకడ ఉండాలి!

వాడ్‌కటర్ చూడనివాళ్ళ కోసం చెప్తున్నా. మామూలు తూటాకు గుండు ముక్కు బయటికి పొడుచుకుని ఉంటుంది కదా, దీనికి ముక్కే ఉండదు. చదును మొహం ఉన్న సీసం బిళ్ళ కేసు అంచుతో సమానంగా లోపలికి దిగిపోయి ఉంటుంది. చూడగానే ఖాళీ కేసేమో అనిపిస్తుంది. కాగితం టార్గెట్ మీద తగిలితే ఆఫీసులో పంచింగ్ మెషీన్ కొట్టినట్టు గుండ్రని, శుభ్రమైన రంధ్రం. గుండ్రటి ముక్కు గుండైతే కాగితాన్ని చింపుకుంటూ పోతుంది, అంచులు లోపలికి ముడుచుకుపోతాయి. అప్పుడు తొమ్మిది గీతను తాకిందా, పది గీతను తాకిందా అని గేజ్ పెట్టి చూస్తూ వాదించుకోవాలి. వాడ్‌కటర్‌తో ఆ గొడవ చాలావరకు ఉండదు.

సరే, మనం ఏషియాడ్‌కు వెళ్ళబోవడం లేదు. మన సమస్య వేరే. లైసెన్స్ మీద ఏడాదికి ఇన్నే రౌండ్లు అని రాసి ఉంటుంది, రౌండు ధర కూడా తక్కువేం కాదు, ప్రాక్టీసుకు రేంజ్ దొరకడం ఇంకో కష్టం. అంటే సగటు లైసెన్స్‌దారు ఏడాది మొత్తంలో పేల్చేది చాలా తక్కువ. అలాంటి మనిషికి గట్టిగా తన్నే తుపాకీ ఇస్తే ఏమవుతుందో రేంజ్‌లో పది నిమిషాలు నిలబడితే తెలుస్తుంది. పేలకముందే కళ్ళు మూసుకుంటారు, ట్రిగ్గర్‌ను నొక్కాల్సింది పోయి గుంజేస్తారు, గుండు టార్గెట్ కింద మట్టిలోకి పోతుంది. ఆ భయం ఒకసారి పట్టుకుంటే వదిలించడానికి మళ్ళీ బోలెడు రౌండ్లు కావాలి, ఆ రౌండ్లే మన దగ్గర లేవు. .32 లాంగ్‌ను 700 గ్రాముల ఉక్కు రివాల్వర్‌లో పేలిస్తే చెయ్యి కాస్త పైకి లేస్తుంది, అంతే. హ్యామర్ వెనక్కి లాగి సింగిల్ యాక్షన్‌లో కాలిస్తే మొదటి రోజే కొత్తవాళ్ళకు గుండ్లు ఒకచోట పడటం మొదలవుతుంది, మొహాల్లో టెన్షన్ పోతుంది.

ఏసీపీ వైపు కూడా న్యాయంగా చెప్పాలి. పిస్టల్ పల్చగా ఉంటుంది, బట్టల కింద ఉబ్బెత్తుగా కనిపించదు. ప్రతి షాట్‌కూ ట్రిగ్గర్ ఒకేలా ఉంటుంది. రివాల్వర్‌లో డబుల్ యాక్షన్ (హ్యామర్ ముందే లాగకుండా, ట్రిగ్గర్‌తోనే లేపి కాల్చడం) లాగుడు బరువు, అది నిజంగానే లోపం, ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు ఇబ్బంది పడతారు. మ్యాగజైన్ మార్చడం ఆరు రౌండ్లు ఒక్కొక్కటిగా సిలిండర్‌లో పెట్టుకోవడం కంటే ఎన్నో రెట్లు త్వరగా అవుతుంది. తన్నుడు లెక్క ప్రకారం లాంగ్‌తో దాదాపు సమానమే గానీ, ఈ చిన్న పిస్టళ్ళలో స్లయిడ్ వెనక్కి కొట్టుకునే దెబ్బ వల్ల చేతికి చురుగ్గా తెలుస్తుంది.

నాకు నచ్చనిది ఏంటంటే, రౌండు పేలకపోతే. మన దగ్గర రౌండ్లు ఎప్పుడో కొన్నవి, బీరువాలో రెండు మూడు వానాకాలాలు చూసినవి ఉంటాయి. ఒకటి ఎప్పుడో టక్కుమని ఊరుకుంటుంది. రివాల్వర్‌లో ఇంకోసారి ట్రిగ్గర్ లాగితే సిలిండర్ తిరిగి తర్వాతి రౌండు వస్తుంది. పిస్టల్‌లో రెండో చేత్తో స్లయిడ్ లాగి దాన్ని బయటికి తోయాలి, మళ్ళీ ఎక్కించాలి. బాగా ప్రాక్టీసు ఉన్నవాడికి అది క్షణం పని. ఏడాదికోసారి బీరువా తెరిచేవాడికి కాదు. పైగా ఏసీపీ తూటాకు కొద్దిపాటి అంచు ఉంటుంది, మ్యాగజైన్ నింపేటప్పుడు పైరౌండు అంచు కింది రౌండు అంచు వెనక్కి జారితే ఇరుక్కుపోవచ్చు. (షాపులో రౌండ్లు తీసుకునేటప్పుడు "త్రీ టూ" అని ఊరుకోకండి, రివాల్వర్‌వా పిస్టల్‌వా అని చెప్పి పెట్టె మీద పేరు చదవండి. ఏసీపీ రౌండును లాంగ్ రివాల్వర్‌లో పట్టించి చూసే ప్రయోగాలు వద్దు, ఏసీపీలో ఒత్తిడి ఎక్కువ.)

మిగతావాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. .22 ప్రాక్టీసుకు రాజు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పారిస్ ఒలింపిక్స్‌లో ఆడిన 25 మీటర్ల పిస్టల్ పోటీ .22దే. కానీ రిమ్‌ఫైర్ తూటాలో పేలుడు మందు అంచు చుట్టూ ఉంటుంది, సెంటర్ ఫైర్ అంత నమ్మకంగా ప్రతిసారీ అంటుకోదు, కాబట్టి రక్షణ కోసం ఒకటే తుపాకీ కొనేవాడికి నేను చెప్పను. .38 ఎస్ అండ్ డబ్ల్యూ పాత ఎన్‌ఫీల్డ్, వెబ్లీ రివాల్వర్లది, మన చట్టంలో .380 అన్నది ఆ కుటుంబమే, ఆశ పెట్టుకోవద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు కూడా అడుగుతున్నారు. మీకు 9 ఎంఎం, .38 స్పెషల్ వీధి చివర దొరుకుతాయి, .32 లాంగ్ రౌండ్లే వెతుక్కోవాలి. అయినా ఇంట్లో అమ్మానాన్నలకో, మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకో నేర్పించాలంటే .327 ఫెడరల్ రివాల్వర్ ఒకటి చూడండి. 1984 నాటి .32 హెచ్ అండ్ ఆర్ మ్యాగ్నమ్, .32 లాంగ్, పొట్టి .32, మూడూ అందులో పడతాయి. లాంగ్‌తో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక పెంచుకోవచ్చు. .38లో ఐదు రౌండ్లు పట్టే చిన్న రివాల్వర్ సైజులోనే .32 అయితే ఆరు పడతాయి. స్మిత్ అండ్ వెస్సన్ 2024లో .32 మ్యాగ్నమ్‌లో చిన్న రివాల్వర్లను మళ్ళీ తెచ్చింది, అక్కడ .32 మీద ఆసక్తి మళ్ళీ మొదలైంది.

ఇక్కడివాళ్ళకు: లాంగ్ అని తేల్చుకున్నాక, ఏ రివాల్వర్? 2014లో కాన్పూర్ ఆయుధ కర్మాగారం నుంచి వచ్చిన నిర్భీక్ రివాల్వర్ టైటానియం మిశ్రమంతో అర కిలో చుట్టుపక్కల తూగుతుంది. మోయడానికి హాయి, కానీ బరువు తగ్గిన కొద్దీ అదే తూటా ఎక్కువ తన్నుతుంది, నేను పైన చెప్పిన లాభంలో కొంత అక్కడే పోతుంది. అదే కాన్పూర్ వాళ్ళ పాత .32 రివాల్వర్ వెబ్లీ పద్ధతిలో నడుము విరిచి (మధ్యలో కీలు దగ్గర వంచి) తెరిచేది. తెరవగానే ఆరు ఖాళీలూ ఒకేసారి పైకి లేస్తాయి. తుపాకీని నిటారుగా పట్టుకుని గట్టిగా తెరవండి, మెల్లగా వంచితే ఒక ఖాళీ కేసు, ఖాళీలను పైకి తోసే ఎజెక్టర్ కిందికి జారి ఇరుక్కుంటుంది, దాన్ని గోటితో పీక్కోవాలి. 2023లో వచ్చిన ప్రబల్‌లో సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, బరువు 700 గ్రాములు, బ్యారెల్ 76 మిల్లీమీటర్లు. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్ళకు నేను చెప్పేది అదే. లక్షలు పోసి పాత విదేశీ వెబ్లీ కొనాలనుకునేవాళ్ళు మాత్రం డబ్బు ఇచ్చేముందు ఖాళీ రివాల్వర్ హ్యామర్ వెనక్కి లాగి, సిలిండర్‌ను వేలితో అటూ ఇటూ కదిపి చూడండి. వదులుగా ఊగితే అక్కడే వదిలేసి రండి.