రోకలితో మూడేళ్లు: మా 15 కిలోల డ్రమ్ రోబో గురించి ఉన్నదున్నట్టు

మా రోబో పేరు రోకలి. రోబోలు ఒకదాన్నొకటి కొట్టుకునే పోటీల కోసం కట్టాం, 15 కిలోల కేటగిరీ. ముందు ఆయుధంగా గిర్రున తిరిగే ఉక్కు డ్రమ్ము, వెనక రెండు చక్రాలు, మధ్యలో బ్యాటరీలు. అంతే. మూడేళ్లలో నాలుగు పోటీలకు తీసుకెళ్లాం, పదమూడు ఫైట్లు ఆడాం. ఏడు గెలిచాం, ఆరు ఓడాం. ఆ ఆరింట్లో ఎదుటివాడు నిజంగా మమ్మల్ని కొట్టి గెలిచినవి రెండే. మిగతా నాలుగూ చేతులారా పోగొట్టుకున్నవి. డ్రమ్ రోబో కట్టాలనుకునేవాళ్లకు ఆ నాలుగే ఎక్కువ పనికొస్తాయి కాబట్టి వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

సెకండియర్‌లో ఐఐటీ బాంబే టెక్‌ఫెస్ట్‌కి రోబోవార్స్ చూడ్డానికి వెళ్లినప్పుడు పట్టింది ఈ పిచ్చి. అంతకుముందే అమెరికా రోబో పోరాటాల టీవీ షో బ్యాటిల్‌బాట్స్ వీడియోల్లో బ్రెజిల్ జట్టు రియోబాట్జ్ వాళ్ల మైనోటార్‌ను చూసి నోరు తెరుచుకుని ఉన్నాం. అది 250 పౌండ్ల రోబో, అంటే 113 కిలోల పైమాట. మా జేబులకు 15 కిలోలే బరువు. మొదటి రూపానికి లక్షా పది వేలయింది, ఐదుగురం పంచుకున్నాం. ఆ తర్వాత రిపేర్లకు ఇంకో అరవై వేలు పోయాయి. ఈ రెండో లెక్క మొదట్లో ఎవరూ వేసుకోరు. మేమూ వేసుకోలేదు.

డ్రమ్ము ఈఎన్24 అనే రకం ఉక్కు. బయటి వ్యాసం 120 మిల్లీమీటర్లు, బరువు మూడున్నర కిలోలు, ఎదురెదురుగా రెండు పళ్లు బోల్టులతో బిగించి ఉంటాయి. షాఫ్టు తిరగదు, డ్రమ్మే బేరింగుల మీద తిరుగుతుంది. మోటారు నుంచి వీ-బెల్ట్. 8000 ఆర్‌పీఎం (నిమిషానికి 8000 చుట్లు) దగ్గర ఆ డ్రమ్ములో దాదాపు 3200 జౌళ్ల శక్తి ఉంటుంది. అంటే 15 కిలోల రోబోను ఏడంతస్తుల మీద నుంచి పడేస్తే నేలను తాకేటప్పుడు ఎంత శక్తి ఉంటుందో దాదాపు అంత. ఈ లెక్క వేసిన రోజు రాత్రి హాస్టల్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. అదే శక్తి తిరిగి మన మీదకూ వస్తుందన్న సంగతి మాత్రం ఆ రాత్రి ఒక్కరికీ తట్టలేదు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవకూడదంటారు. మా విషయంలో రోలూ మేమే, రోకలీ మేమే.

మొదటి పోటీ ఊళ్లోనే, ఒక కాలేజీ ఫెస్ట్. ఎదురుగా ఆయుధమే లేని వెడ్జ్ రోబో, అంటే ముందు ఏటవాలు పలక ఉన్నది, చెక్క పీటకు చక్రాలు పెట్టినట్టుంది. బెల్ మోగిన పదిహేను సెకన్లకు మొదటి దెబ్బ పడింది. వెడ్జ్ ఒక పక్కకు ఎగిరి పడింది, జనం అరిచారు. ఇటు చూస్తే రోకలి కదలడం లేదు. లైటు కూడా ఆరిపోయింది. రిఫరీ పది లెక్కపెట్టాడు, అయిపోయింది. పిట్‌కి (రిపేర్లు చేసుకునే చోటికి) తెచ్చి మూత విప్పితే బ్యాటరీ కనెక్టరు ఊడి పక్కన పడి ఉంది, అంతే. దెబ్బ కొట్టింది మేము, ఆ కుదుపుకు ఊడింది మా వైరే. ఐదు రూపాయల జిప్ టై వేసుంటే ఆ మ్యాచ్ మాదే. అప్పటి నుంచి లోపలి ప్రతి కనెక్టరుకూ టై, ప్రతి వైరుకూ వేలెడు వదులు, బ్యాటరీ చుట్టూ స్పాంజి, ఎలక్ట్రానిక్స్ అన్నిటి కిందా రబ్బరు. వైరు బిగుతుగా ఉంటే చూడ్డానికి నీటుగా ఉంటుంది కానీ ఫైట్లో తెగుతుంది.

పళ్ల కథ వేరు. మొదటి పళ్లు డీ2 అనే రకం ఉక్కుతో చేయించాం. హీట్ ట్రీట్‌మెంట్‌లో 58 హెచ్ఆర్‌సీ (ఉక్కు గట్టిదనం కొలత) దాకా గట్టిపరచమన్నాం. ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది కదా అని మా తెలివి. బాలానగర్‌లో మాకు లేత్ పని చేసిపెట్టే అన్న ఆ ముక్కను చేతిలో తిప్పి చూసి, "గట్టిగ జెయ్యమంటే గాజు జేస్తున్నవ్ తమ్మీ. ఇది కత్తికి పనికొస్తది, సుత్తికి పనికిరాదు" అన్నాడు. ఇంజినీరింగ్ చదివేది మేమైతే ఈయనెవరని లోపల నవ్వుకున్నాం. రెండో పోటీ ముంబైలో. రెండో ఫైట్లో ఎదుట ఉన్నదీ డ్రమ్మే. రెండు డ్రమ్ములూ ముఖాముఖి తగిలినప్పుడు టపాసు పేలినట్టు ఒక్కటే చప్పుడు. మా రెండు పళ్లలో ఒకటి మూడు ముక్కలైంది. పన్ను పోయిన డ్రమ్ముకు బ్యాలెన్స్ తప్పింది, రోబో మొత్తం జ్వరమొచ్చినట్టు వణికింది, ఆ వణుకుకే షాఫ్టు బిగించిన బోల్టులు ఒకటి తర్వాత ఒకటి వదులయ్యాయి. తిరిగొచ్చాక నేరుగా బాలానగర్ వెళ్లి అన్న ముందు తల దించుకుని నిలబడ్డాం. ఈసారి పళ్లు కూడా ఈఎన్24తోనే, గట్టిదనం 45 దగ్గర ఆపించాడు. వాటి అంచులు మొద్దుబారతాయి, సొట్టలు పడతాయి, గ్రైండర్ పెట్టి మళ్లీ సాపు చేస్తాం. విరగడం మాత్రం మళ్లీ చూడలేదు.

అదే ముంబైలో మూడో ఫైటుకు అసలు బరిలోకే దిగలేకపోయాం. విరిగిన పన్ను ముక్కలు తగిలి బెల్ట్ సగం తెగింది. కొత్త బెల్ట్ సంచిలోనే ఉంది. కానీ దాన్ని వెయ్యాలంటే ముందు షాఫ్టు లాగాలి, షాఫ్టు లాగాలంటే పక్క ప్లేట్లు విప్పాలి, ఒక్కో ప్లేటుకు ఎనిమిది అలెన్ బోల్టులు. ఇచ్చింది ఇరవై నిమిషాలు. మాకు పట్టింది ముప్పై అయిదు. డిజైన్‌లో నేను పెట్టే పెద్ద వంక ఇదే: కంప్యూటర్‌లో క్యాడ్‌లో గీసేటప్పుడు దెబ్బలు ఊహించుకున్నాం కానీ, పిట్‌లో చెమటలు కారుతూ అలెన్ కీ పట్టుకున్న మనిషిని ఊహించుకోలేదు. తర్వాతి రూపంలో పక్కపక్కన రెండు బెల్టులు పెట్టాం. ఒకటి తెగినా రెండోది లాగుతుంది. లోపల పళ్లుండే టైమింగ్ బెల్ట్ వెయ్యమని చాలామంది చెప్పారు. మేము వెయ్యలేదు. దెబ్బ తగిలిన క్షణంలో వీ-బెల్ట్ కాస్త జారుతుంది, ఆ జారుడే మోటారును కాపాడుతుంది. పళ్ల బెల్ట్ జారదు, పళ్లే రాలిపోతాయి.

ఇక స్పీడు సంగతి. మా టీంలో దీని మీద జరిగినంత గొడవ ఖర్చుల మీద కూడా జరగలేదు. డ్రమ్ము ఎంత వేగంగా తిరిగితే అంత గట్టి దెబ్బ అనుకుంటాం. కానీ పన్ను ఎదుటి రోబోలోకి దిగాలంటే, ఒక పన్ను దాటి రెండో పన్ను వచ్చేలోపు మనం ముందుకు జరగాలి. 8000 ఆర్‌పీఎం దగ్గర రెండు పళ్లంటే సెకనుకు 267 సార్లు పన్ను ఎదురొస్తుంది. మనం సెకనుకు మూడు మీటర్ల వేగంతో దూసుకెళ్లినా ఆ సందులో జరిగేది 11 మిల్లీమీటర్లే. అంటే పన్ను పట్టే లోతు అంతకు మించదు. నున్నటి వెడ్జ్ మీద అయితే గీకుతూ నిప్పురవ్వలు రాలుస్తుంది తప్ప పట్టుకోదు. చూసేవాళ్లకు దీపావళి, మాకు టెన్షన్. 6000కు తగ్గిస్తే ఆ లోతు 15 అయింది. ఒక పన్ను తీసేసి దాని చోట అదే బరువున్న నున్నటి ముక్క బిగిస్తే 30. శక్తి 3200 నుంచి 1800 జౌళ్లకు పడిపోయిన మాట నిజమే. కానీ ఉన్న శక్తి ఎదుటివాడికి చేరుతోంది.

స్పీడు తగ్గించడానికి ఇంకో కారణం కూడా ఉంది. సైకిల్ చక్రాన్ని తిప్పి ఇరుసు రెండు చేతులతో పట్టుకుని పక్కకు తిప్పబోతే అది మొరాయిస్తుంది చూశారా, రోకలిదీ అదే తంతు. 8000లో డ్రమ్ము తిరుగుతుండగా సెకనుకు అర చుట్టు కంటే వేగంగా మలుపు తిప్పితే ఒక చక్రం గాల్లోకి లేస్తుంది. మూడో పోటీ మళ్లీ ఊళ్లోనే. మూడు ఫైట్లు వరసగా గెలిచి ఫైనల్‌కొచ్చాం. కంట్రోలరు నా చేతిలోనే ఉంది. ఎదుటివాడు వెనక్కి వచ్చాడని కంగారుపడి స్టిక్ మొత్తం పక్కకు నొక్కాను. రోకలి ఒంటికాలి మీద లేచింది, డ్రమ్ము నేలకు తగిలింది, తనంతట తానే బోర్లా పడింది. ఎదుటి రోబో ఇంకా రెండడుగుల దూరంలో ఉంది. తలకిందులైనా నడుస్తుంది కానీ డ్రమ్ము అప్పుడు కిందకు కొట్టే దిశలో తిరుగుతుంది. దాన్ని వెనక్కి తిప్పే స్విచ్ పెట్టుకున్నాం, ఆ క్షణంలో అది ఎక్కడుందో నాకు గుర్తు రాలేదు. జడ్జీలు ఎటు మొగ్గారో చెప్పనక్కర్లేదు. 6000 వద్దని అప్పటిదాకా పట్టుబట్టింది కూడా నేనే.

మిగతా సామాను గురించి త్వరగా చెప్పేస్తాను. ట్రాన్స్‌మిటర్ ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6, మూడేళ్లుగా ఒక్క తంటా లేదు. సిగ్నల్ పోతే రోబోను ఆపేసే ఫెయిల్‌సేఫ్ మాత్రం కొన్న రోజే మీరే సెట్ చేసుకుని, ట్రాన్స్‌మిటర్ ఆపితే డ్రమ్ము ఆగుతుందో లేదో చూసుకోండి. డ్రైవ్‌కు మొదట కొన్న చవక ఈఎస్‌సీలు (మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డులు) రెండూ రెండు నెలల్లో కాలిపోయాయి. కంపెనీ పేరు వద్దులే. బేరింగులు 6004, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ షాపులో అడిగినా ఇస్తారు. చూడ్డానికి బాగున్నా సరే పోటీ పోటీకీ మార్చేస్తాం. బ్యాటరీ ఆరు సెల్స్ లైపో (లిథియం పాలిమర్), 5000 ఎంఏహెచ్. వాట్-అవర్ల లెక్కలో అది 111. విమానంలో అడక్కుండా తీసుకెళ్లగలిగేది 100 దాకానే కాబట్టి ముంబైకి రెండుసార్లూ హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్సే. రోబో లోయర్ బెర్త్ కింద, బ్యాటరీలు వేరే డబ్బాలో, సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఆపి. ఎదురు సీటు పెద్దాయన ఏంటి బాబూ అది అని అడిగితే గ్రైండర్ అని చెప్పాం. పేరు ప్రకారం పెద్ద అబద్ధమేమీ కాదు.

నాలుగో పోటీ, రెండోసారి ముంబై. ఒంటి పన్ను, 6000. రోకలి అసలు రూపం నేను చూసింది అక్కడే. ఒక ఫైట్లో ఎదురుగా అడ్డంగా తిరిగే పొడవాటి బార్ ఉన్న రోబో. అది పూర్తి వేగం అందుకునేలోపే మీద పడాలి, లేకపోతే మన చక్రాలు ఉండవు. బెల్ మోగగానే తిన్నగా వెళ్లాను. మొదటిసారి బార్ మా ముందు ప్లేటుకు తగిలి జారింది. రెండోసారి మా పన్ను దాని పొట్ట కింద అంచును పట్టింది. 15 కిలోల ఇనుము మనిషి నడుమెత్తు లేచి, గాల్లోనే ఒక పల్టీ కొట్టి, బార్ మీదే పడింది. దాని బార్ వంగిపోయి మళ్లీ తిరగలేదు. పాలీకార్బనేట్ షీటు అవతల మావాళ్లు గంతులేస్తుంటే నేను మాత్రం రోకలి వంక చూస్తూ నిలబడ్డాను, కదులుతోందా లేదా అని. అటూ ఇటూ నడిపాను. కదిలింది.

అక్కడ మూడు గెలిచాం, రెండు ఓడాం. ఒకదాంట్లో అలాంటి బార్ రోబోయే మా కుడి చక్రాన్ని హబ్‌తో సహా కోసి పారేసింది. ఇంకోదాంట్లో ఎదుటి రోబోను ఎత్తి తిరగేసే ఫ్లిప్పర్ ఒకటి మమ్మల్ని మూలకు నెట్టి మూడు నిమిషాలూ అట్టు తిప్పినట్టు తిప్పింది. అవి న్యాయమైన ఓటములు, వాటి గురించి బాధ లేదు. చక్రాల ముందు అడ్డుగా గార్డు ఉండాల్సింది, బరువు మిగల్లేదు. ఇప్పుడు మళ్లీ కడితే పక్క ప్లేట్లు అల్యూమినియం బదులు హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌తో చేసి, మిగిలిన బరువును చక్రాల గార్డులకు పెడతాను.

కొనొచ్చా అని జూనియర్లు అడుగుతున్నారు. డ్రమ్ము, షాఫ్టు, చట్రం కలిపి పాతిక వేలు చెప్పాను, బేరం నడుస్తోంది. షాఫ్టు కళ్లకు కనిపించదు కానీ చిన్న వంపు ఉంది, ముందే చెప్పేశాను. ఎడమ చక్రం మోటారు ఈ మధ్య ఎక్కువ వేడెక్కుతోంది. అది మార్చకుండా ఇవ్వడం బాగోదు. శనివారం రాణిగంజ్ వెళ్లాలి.