డయానా కోసం లండన్‌లో అయిదు రోజులు: ఏవి చూడొచ్చు, ఏవి వదిలేయొచ్చు

మా సాలూరులో కుష్టు ఆసుపత్రి ఎక్కడని అడిగితే చిన్నపిల్లాడైనా దారి చెప్తాడు. లెప్రసీ మిషన్ వాళ్ల ఫిలడెల్ఫియా ఆసుపత్రి అది. చిన్నప్పుడు అటు నడవాల్సి వస్తే మా నానమ్మ నా జబ్బ పట్టుకుని రోడ్డు అవతలి పక్కకి లాక్కుపోయేది, అటు గాలి కూడా సోకకూడదన్నట్టు. చాలా ఏళ్ల తర్వాత ఒక వారపత్రికలో బ్రిటన్ యువరాణి డయానా ఫొటో చూశాను. కుష్టు రోగి చెయ్యి తన చేతుల్లో పెట్టుకుని కూర్చుంది. 1990 నుంచి ఆమె లెప్రసీ మిషన్‌కి పోషకురాలు. నగలు, గౌన్లు, కాపురంలో గొడవలు అందరూ చెప్పుకునేవే. నాకు మాత్రం ఆ చేతులు గుర్తుండిపోయాయి.

అందుకే పోయిన ఏడాది జూలైలో లండన్ దగ్గర రీడింగ్ అనే ఊళ్లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు "లండన్‌లో ఏం చూస్తావమ్మా" అని అడిగితే, డయానా తిరిగిన చోట్లు చూస్తానన్నాను. "ఇంకా నయం, విక్టోరియా రాణి అనలేదు" అన్నారు మా ఆయన. తీరా ప్యాలెస్‌లోకి వెళ్లాక విక్టోరియా గదులే ఎక్కువ చూడాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

రీడింగ్ నుంచి రోజూ రైల్లో వెళ్లి రావడం దండగని బేస్‌వాటర్‌లో ఒక చిన్న హోటల్లో మూడు రాత్రులు తీసుకున్నాం. పేరు చెప్పను. రాత్రికి 140 పౌండ్లు. గది నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు. సూట్‌కేసు తెరవాలంటే మంచం మీదే తెరవాలి, ఒకరు బట్టలు సర్దుతుంటే ఇంకొకరు బాత్రూములో నిలబడాలి. మెట్లెక్కేసరికి మా ఆయన మోకాళ్లు గోల పెట్టేశాయి. అయినా మళ్లీ వెళ్తే అదే పేటలో ఉంటాను. కెన్సింగ్టన్ గార్డెన్స్ నడక దూరం, రీడింగ్ రైలు ఆగే పాడింగ్టన్ పక్కనే. లిఫ్టు సంగతి మాత్రం డబ్బు కట్టకముందే అడగండి. నగరం లోపల తిరగడానికి బస్సు మేలు. మేం వెళ్లినప్పుడు టికెట్టు 1.75 పౌండ్లు, గంటలోపు ఎన్ని బస్సులు మారినా అదే. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు మిషన్‌కి తాకిస్తే చాలు.

మొదటి రోజు పొద్దున్నే డయానా పేరు మీద కట్టిన పిల్లల ఆటస్థలానికి వెళ్లాం. పిల్లలు వెంట లేని పెద్దవాళ్లని లోపలికి రానివ్వరు. ఊరికే చూసి పోతామంటే పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదింటి దాకా మాత్రమే. మంచి నియమం, నాకు నచ్చింది. మధ్యలో పెద్ద ఓడ ఉంది, సముద్రపు దొంగలది, చుట్టూ ఇసుక. 2000లో తెరిచారు. పీటర్ పాన్ అనే పిల్లల కథని పట్టుకుని కట్టారు. ఆ కథ మీద వచ్చే హక్కుల డబ్బుని రచయిత బ్యారీ 1929లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి రాసిచ్చేశాడు. డయానా అధ్యక్షురాలిగా ఉన్నది ఆ ఆసుపత్రికే. ఆ లంకె తెలిశాక ఓడ ఇంకొంచెం నచ్చింది. పదింటికి పిల్లల మంద వచ్చిపడింది, మేం బయటపడ్డాం.

కెన్సింగ్టన్ ప్యాలెస్ వారంలో అన్ని రోజులూ తెరవరు, చూసుకుని వెళ్లండి. ఇద్దరికీ కలిపి దాదాపు 50 పౌండ్లయింది. రాజుల గదులు, మెట్ల పక్క గోడల మీద బొమ్మలు, విక్టోరియా పుట్టిన చోటు, అన్నీ శుభ్రంగా, ఓపిగ్గా చూపిస్తారు. గంటన్నర తిరిగాక మా ఆయన అడిగారు: "మరి ఆవిడ ఉన్న ఇల్లేది?" పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె ఉన్న వాటాలు చూపించరు. ప్యాలెస్‌లో ఆ వైపు సందర్శకులకి దారే లేదు. డయానా కోసమే వెళ్లేవాళ్లయితే ఈ టికెట్టు మానేయొచ్చు. బయట సన్‌కెన్ గార్డెన్‌లో విగ్రహం ఉంది, అది చూడటానికి టికెట్టు అక్కర్లేదు. కొడుకులిద్దరూ 2021 జూలై 1న ఆవిష్కరించారు, బతికుంటే ఆ రోజు ఆమెకి అరవయ్యో పుట్టినరోజు. చుట్టూ ముగ్గురు పిల్లల బొమ్మలు. ముఖం నాకు అంత పోలిక అనిపించలేదు. తోట మాత్రం చాలా బాగుంది, పూలు విరగబూసి ఉన్నాయి.

మొదట్లో గౌన్ల మాట అన్నాను కాబట్టి ఒకటి చెప్పాలి. చనిపోవడానికి రెండు నెలల ముందు, 1997 జూన్‌లో, తన గౌన్లు 79 న్యూయార్క్‌లో వేలం వేయించింది. ఆ ఆలోచన పెద్దకొడుకుది. 32 లక్షల డాలర్ల పైచిలుకు వచ్చింది, క్యాన్సర్, ఎయిడ్స్ సంస్థలకి వెళ్లింది. అద్దాల పెట్టెల్లో గౌన్లు చూసి మురిసిపోయేవాళ్లు ఆ సంగతి కూడా తెలుసుకుంటే బాగుంటుంది.

హైడ్ పార్కులో స్మారక ఫౌంటెన్ అంటే నీళ్లు పైకి చిమ్ముతాయనుకోకండి. నేల మీద పెద్ద కోడిగుడ్డు ఆకారంలో రాతి కాలువ అది. కార్న్‌వాల్ గ్రానైటు 545 ముక్కలు పేర్చారు, 36 లక్షల పౌండ్లయింది. ఒక పక్క నీళ్లు నెమ్మదిగా జారుతుంటాయి, ఇంకో పక్క గలగలమని దూకుతాయి. 2004లో తెరిచిన కొద్ది రోజులకే జనం జారిపడుతున్నారని మూసి, బాగుచేసి మళ్లీ తెరిచారు. ఇప్పుడు గట్టు మీద కూర్చుని కాళ్లు పెట్టుకోవచ్చు, లోపల నడవొద్దంటారు. ఎండగా ఉందేమో, పిల్లలూ ముసలాళ్లూ అందరూ కాళ్లు ముంచి కూర్చున్నారు. మా ఆయన కూడా ప్యాంటు మడిచారు. నాలుగు అంతస్తుల మెట్ల తర్వాత ఆ మోకాళ్లకి అంత సుఖం ఇంకెక్కడా దొరకలేదు. ఇదేం చూడదగ్గ చోటు అనుకున్న నేను గంటసేపు కదల్లేదు. పైసా ఖర్చు లేదు.

రెండో రోజు చూసిన చోటు గురించి మాత్రం కాస్త ఎక్కువే రాస్తాను. గూజ్ స్ట్రీట్ స్టేషన్లో దిగి కొంచెం నడిస్తే అద్దాల భవనాల మధ్య ఇటుకల చిన్న ప్రార్థనా మందిరం ఉంటుంది, ఫిట్జ్‌రోవియా చాపెల్. ఒకప్పుడు అది మిడిల్‌సెక్స్ ఆసుపత్రి ఆవరణలోది. ఆసుపత్రిని కూలగొట్టి ఇళ్లూ ఆఫీసులూ కట్టేశారు, ఈ మందిరం ఒక్కటి మిగిలింది. లోపలికి వెళ్లి తలెత్తితే కప్పంతా బంగారు రంగు గాజుముక్కల పనితనం. బయట నుంచి చూసినవాళ్లు లోపల ఇంత ఉందనుకోరు. టికెట్టు లేదు. పెళ్లిళ్లకీ ప్రదర్శనలకీ ఇస్తుంటారు కాబట్టి తెరిచే రోజులు ముందే చూసుకోవాలి.

"ఇక్కడ డయానాది ఏముంది?" అన్నారు మా ఆయన. ఏమీ లేదు. ఉన్నది పోయింది. 1987 ఏప్రిల్‌లో ఈ ఆసుపత్రిలోనే బ్రిటన్‌లో మొట్టమొదటి ప్రత్యేక ఎయిడ్స్ వార్డు తెరిచారు. తెరిచింది డయానా. చేతికి తొడుగు లేకుండా ఒక రోగితో చెయ్యి కలిపింది. ఫొటో తీసుకోనిచ్చిన ఆ ఒక్కడు కూడా తన ముఖం కనబడకూడదన్నాడు. అందుకే ఆ ఫొటోలో అతని వీపు, ఆమె ముఖం ఉంటాయి. జబ్బు ఉన్నట్టు తెలిస్తే ఉద్యోగం, ఇల్లు, అయినవాళ్లు అన్నీ పోయే రోజులవి.

ఇది చెప్తుంటే మా ఆయనకి మన దగ్గరి రోజులు గుర్తొచ్చాయి. మంగలి షాపుకి ఎవరి బ్లేడు వాళ్లు జేబులో పెట్టుకెళ్లిన రోజులు. చెయ్యి కలిపితే రాదని డాక్టర్లు ఎన్నిసార్లు చెప్పినా జనానికి ఎక్కలేదు, ఒక్క ఫొటోతో ఎక్కింది. ఆమె చేసినదాంట్లో సగం ఇదే అనిపిస్తుంది నాకు. మందు కనిపెట్టలేదు, ఆసుపత్రి కట్టలేదు. కెమెరాలు ఎలాగూ తన వెంటే పడతాయి కదా, తీసుకెళ్లి ఎవరూ చూడని మంచం ముందు నిలబెట్టింది. 1997 జనవరిలో అంగోలాలో మందుపాతరల పొలంలో నడిచిందీ అందుకే. ఆ ఏడాది డిసెంబరులో వాటిని నిషేధించే ఒప్పందం మీద దేశాలు సంతకాలు పెట్టేనాటికి ఆమె లేదు.

1996లో విడాకులప్పుడు సుమారు వంద సంస్థల బాధ్యతలు వదిలేసి ఆరు మాత్రం ఉంచుకుంది: ఇల్లులేని కుర్రాళ్ల కోసం పనిచేసే సెంటర్‌పాయింట్, రాయల్ మార్స్‌డెన్ క్యాన్సర్ ఆసుపత్రి, గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్, జాతీయ ఎయిడ్స్ ట్రస్టు, ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే అనే నృత్య బృందం, లెప్రసీ మిషన్. బ్యాలే ఆమె ప్రాణం, అది తీసేస్తే మిగిలినవేవీ యాత్రికులు చూసే చోట్లు కావు. గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ గేటు దాకా వెళ్లాం. లోపలికి బిడ్డని ఎత్తుకుని పరుగెడుతున్న తండ్రిని చూసి, ఫోను తీయబుద్ధి కాక వెనక్కొచ్చేశాం.

నాలుగో రోజు యూస్టన్‌లో రైలెక్కి నార్తాంప్టన్, గంట ప్రయాణం. ఆ రాత్రి అక్కడే ఉన్నాం, 60 పౌండ్లకి బేస్‌వాటర్ గదికి రెండింతల గది, పైగా లిఫ్టు. అక్కణ్ణుంచి ఆమె పుట్టింటివాళ్ల ఆల్థార్ప్‌కి ఆరు మైళ్లు, మేం టాక్సీలో వెళ్లాం. స్పెన్సర్ల చేతిలో 1508 నుంచీ ఉన్న ఇల్లు. వేసవిలోనే తెరుస్తారు, ముఖ్యంగా జూలై, ఆగస్టుల్లో. తండ్రికి ఎర్ల్ అనే వంశపారంపర్య ప్రభువు హోదా వచ్చాక 1975లో డయానా ఇక్కడికి వచ్చింది. హాలులో నలుపూ తెలుపూ గళ్ల పాలరాయి మీదే ట్యాప్ డ్యాన్సు సాధన చేసేదట. నాకు ఆ నేలే ఎక్కువ నచ్చింది. గోడల నిండా పెద్దపెద్ద చిత్రపటాలున్నాయి, మా ఆయన ఒక్కొక్కటీ చదువుకుంటూ నడిచారు.

సమాధి చూడాలని వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా, అది అక్కడి చెరువు మధ్య దీవి మీద ఉంది, దాని మీదకి వెళ్లనివ్వరు. చెరువు చుట్టూ నడిచి, ఆమె పేరున్న చిన్న మండపం దగ్గర ఆగి, నీళ్ల అవతల చెట్లు చూడటమే. దారి పొడుగునా 36 ఓక్ చెట్లు, ఆమె బతికిన ఏళ్లన్ని. ఎవరో గులాబీలు పెట్టి వెళ్లారు. దూరానికి, ఖర్చుకి తగ్గదేనా అంటే, ఒక్కసారికి తగ్గదే. తిరుగు టాక్సీకి ముందే చెప్పుకున్నా నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, రైలు తప్పింది. అంతసేపూ నాకు ఒకటే టెన్షన్. తిరుగు బండికి ఇంకో నంబరు కూడా దగ్గర పెట్టుకోండి.

యూస్టన్‌లో దిగేసరికి ఆకలి. స్టేషన్ పక్కన డ్రమ్మండ్ స్ట్రీట్ అంతా మన తిండే, దోశ తినాలంటే అక్కడికే వెళ్లండి. మసాలా దోశ చెప్పి కూర్చున్నాం. 1992 ఫిబ్రవరిలో డయానా హైదరాబాదు వచ్చి లాలాపేట బడికీ వృద్ధుల కేంద్రానికీ వెళ్లింది. మా ఆయన అప్పుడు అక్కడే ఉద్యోగం. కార్లకోసం ట్రాఫిక్ ఆపేస్తే ఆఫీసుకి లేటయిందని తిట్టుకున్నానని ఇప్పుడు చెప్పారు. తర్వాత కాసేపాగి, "అవునూ, మీ సాలూరు ఆసుపత్రి లోపలికి ఎప్పుడైనా వెళ్లావా నువ్వు?" అన్నారు.

లేదన్నాను. చట్నీ ఇటు జరిపి, దోశ చల్లారిపోతోంది తినమన్నారు.